నిద్రపట్టని బాలుడు

తెనాలి నుండి దక్షిణముగా రెండు రైలుమార్గములు సాగును. ఒకటి బాపట్ల మీదుగా చెన్నై నగరమునకు పోవును. రెండవది రేపల్లెలో ముగియును. ఈ రెండు పట్టణములకును చేరువనే సముద్రము కలదు. కావున ఇచటి ప్రజలకు గాలివానలు క్రొత్త కావు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన, రేపల్లెకు కృష్ణానది ఆవలి గట్టుననున్న దివిసీమలో వేలమందిని బలిగొన్నది. 1990 మే 9వ తేదీన మరియొక పెనుతుపాను కృష్ణా ముఖద్వార సమీపమున తీరము దాటెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువనే తీరమును తాకెను. గాలి అణగిన పిదప కూలిన ఇండ్లను లెక్కింతురు. చచ్చిన పశువులను లెక్కింతురు. పిల్లల మనస్సులలో మిగిలిన భయమును లెక్కించువారు అరుదు.

1990వ సంవత్సరమున వేసవి సెలవులు ముగిసి బడులు తెరచిరి. నేనప్పుడు ఈ ప్రాంతమున తెలుగు ఉపాధ్యాయుడను. నా తరగతిలో వెనుక వరుసనున్న పండ్రెండేండ్ల బాలుడొకడు దినదినమును పాఠము నడుమ తూగుచుండెను. మొదటి దినమున మందలించితిని. రెండవ దినమున బల్లపై నిలువబెట్టితిని. అతడు నిలుచుండియే కన్నులు మూసెను. తరగతి గొల్లుమనెను. ఆ నవ్వులో నేనును పాలు పంచుకొంటినని చెప్పుటకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

మరునాడు అతని నాయనమ్మ బడికి వచ్చెను.

“పంతులుగారూ! మా పిల్లవాడు సోమరి కాడండి. తుపాను రాత్రి మా ఇంటి తలుపు గాలికి ఊడిపోయింది. ఆనాటినుండి తాటాకు గలగలమంటే చాలు, లేచి కూర్చుంటాడు. తెల్లవార్లూ తలుపు గడియకేసే చూస్తాడు” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

నాటి సాయంకాలము బాలుని వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టుకొని, “రాత్రి ఏమి కనబడును నాయనా?” అని అడిగితిని. చాలసేపు అతడు మాటాడలేదు. పిదప, తలుపు ఎగిరిపోవుటయు, చీకటిలో తానొక్కడే నిలుచుటయు మరల మరల కలలో వచ్చునని చెప్పెను. నేను వైద్యుడను కాను. అతడు చెప్పినది వినుట మాత్రమే చేసితిని. నాయనమ్మ తన చాపను అతని ప్రక్కకు మార్చి, రాత్రియంతయు చిన్న దీపముంచెను. పరుండుటకు ముందు ఇరువురును కలిసి గడియ వేసెడివారు. ఒక్కనాటిలో భయము పోలేదు. సంక్రాంతి నాటికి బాలుడు తెల్లవారువరకు నిద్రింపసాగెను.

విద్యార్థులారా! నిద్ర కాలము వృథాచేయుట కాదు. పగలు నేర్చినది మనస్సున కుదురుకొనుట అప్పుడే. బడికి పోవు చిన్నపిల్లలకు 9 నుండి 12 గంటలు, పదమూడేండ్లు దాటినవారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని వైద్యులు చెప్పుదురు. యౌవనారంభమున శరీరములోని గడియారము కొంత వెనుకబడును. అందుచేత రాత్రి త్వరగా నిద్ర రాదు. ఆ వేళ ఫోను ముందు కూర్చున్నచో నిద్ర మరింత దూరమగును.

1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు, నిద్రలో కనుగ్రుడ్లు వడిగా కదలు దశయొకటి కలదని ప్రకటించిరి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనే వచ్చును. తెల్లవారుజామున ఆ దశ దీర్ఘమగుటచే పీడకలలు అప్పుడే అధికము. కొందరు చిన్నపిల్లలు తొలిజాములలో కెవ్వున కేకవేసి లేతురు. కన్నులు తెరచియున్నను మనలను గుర్తింపరు. మరునాడు వారికేమియు జ్ఞాపకముండదు. ఇది దయ్యము పని కాదు. గాఢనిద్ర నుండి సగము మాత్రమే మేల్కొనుట. వారిని కుదిపి లేపక, దెబ్బ తగులకుండ కాచి, మెల్లగా పరుండబెట్టవలెను.

పీడకలలు విడువక వచ్చు పిల్లలచేత మనోవైద్యులు పగటివేళ ఆ కలను చెప్పింతురు. దాని ముగింపును వారిచేతనే మార్పించి, ఆ క్రొత్త కథను దినమును కొంతసేపు తలపోయింతురు. నిద్రలేమి వారముల తరబడి సాగినను, గట్టి గురకతో ఊపిరి ఆగుచున్నను వైద్యుని చూడవలెను. నిద్రమాత్రలు స్వయముగా మ్రింగరాదు. 2022 అక్టోబరున భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటాడవచ్చును.

మీ ప్రక్కనున్న విద్యార్థి తరగతిలో తూగినచో నవ్వకుడు. “రాత్రి నిద్రపట్టలేదా?” అని అడుగుడు. నేను రెండు దినములు ఆలస్యముగా అడిగిన ప్రశ్న అది.

ప్రశ్నలు

1. బాలుడు తరగతిలో తూగుటకు కారణమేమి?
2. పీడకలకును, గాఢనిద్రలో కలుగు భీతికిని గల భేదమును తెలుపుము.
3. ఉపాధ్యాయుడు దేనికి సిగ్గుపడెను? నీవైనచో ఏమి చేసియుందువు?