పందెము లేని ఆటలు

పల్నాటి చరిత్రమును మలుపు త్రిప్పిన కారణములలో ఒక ఆటయు కలదు. అది కోడిపందెము. 12వ శతాబ్దమున గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మయు, మాచర్ల పక్షమున బ్రహ్మనాయుడును పందెము కాచి కోళ్లను పోరాడించిరని వీరగాథలు చెప్పుచున్నవి. ఓడినవారు 7 సంవత్సరములు రాజ్యము విడిచి పోవలయుననునది ఒప్పందము. మాచర్లవారు ఓడిరి. గడువు తీరిన పిమ్మట తమ భాగమును కోరినను వారికది దక్కలేదు. తుదకు కారెంపూడి రణరంగమున అన్నదమ్ముల సైన్యములే తలపడెను. ఆ వీరులను తలచుకొనుచు కారెంపూడిలో నేటికిని ఉత్సవములు జరుగుచున్నవి.

ఆటకు పందెము తోడైనచో ఎంతటి కీడు మూడునో ఈ కథ చెప్పుచున్నది. అట్లని ఆటలన్నియు చెడ్డవియని తలపరాదు. తెలుగునాట అరుగులమీద తరతరములుగా సాగుచు వచ్చిన ఆటలు మరికొన్ని కలవు. వానిలో ఓడినవాని సొత్తు పోదు. గెలిచినవానికిని ఓడినవానికిని తెలివి పెరుగును.

వానిలో మొదట చెప్పదగినది పులిజూదము. దీనికి ఖర్చు లేదు. పల్నాట నాపరాళ్లకు కొదువ యేమున్నది? ఒక రాతిపలకయు, ఒక బొగ్గుముక్కయు, కొన్ని గులకరాళ్లును చాలును. శిఖరమునుండి క్రిందికి దిగు గీతలను, వానికి అడ్డగీతలను గీసినచో, గీతలు కలియు చోట్లు 23 ఏర్పడును. ఒకనికి 3 పులులు, మరియొకనికి 15 మేకలు. పులి తన ప్రక్కనున్న మేకమీదుగా ఆవలి ఖాళీ చోటికి దుమికినచో ఆ మేక చచ్చును. మేకలకు దుముకు బలము లేదు. అవి అన్నియు పటముపైకి వచ్చువరకు చోటు కదలుటకైనను వీలు లేదు. అయినను పులులు ఎటును కదలలేకుండ చుట్టుముట్టినచో మేకలదే గెలుపు.

ఇందలి కిటుకును గమనింపుడు. మేక వెనుకనున్న చోట మరియొక మేక నిలిచినచో పులి దుముకలేదు. ఒంటరి మేక పులికి ఆహారము; తోడుగల మేక పులికి అడ్డుగోడ. బలహీనులు కూడి నిలిచినచో బలవంతుని నిలువరింపగలరను మాటను ఉపాధ్యాయుడు పదిమారులు చెప్పుటకంటె, బాలుడు ఒక్కమారు ఆడి తెలిసికొనుట మేలు. పేరున జూదమున్నను ఈ ఆటలో పాచికలు లేవు, అదృష్టము లేదు. ఉన్నది ఆలోచన యొక్కటే. నేపాల దేశమున 4 పులులతో, 20 మేకలతో ఆడు బాఘ్‌చాల్ దీనికి చుట్టమే.

రెండవది వామనగుంటలు. వరుసకు 7 చొప్పున రెండు వరుసలుగా 14 గుంటలుండును. గుంటకు 4 చింతగింజలు వేసినచో మొత్తము 56. ఒక గుంటలోని గింజలను తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటి విడుచుచు పోవలయును. ఏ గుంట ఎత్తినచో చివరి గింజ ఎచ్చట పడునో ముందుగా లెక్కించుకొనలేనివాడు గెలువలేడు. కూడికయు, భాగహారమును ఇచ్చట పలకపై గాక వ్రేళ్లకొనలపై నడచును. ఇట్టి గుంటల ఆటలు ఆఫ్రికా ఖండమునను పెక్కు కలవు. ఘనా దేశపు ఒవారే ఆటకు గుంటలు 12, గింజలు 48.

అష్టాచెమ్మలో అదృష్టమునకును చోటున్నది. 25 గళ్ల పటముపై 4 గవ్వలను వేసి కాయలను నడుపుదురు. అన్నియు వెల్లకిల పడిన చెమ్మ, అనగా 4. అన్నియు బోర్ల పడిన అష్ట, అనగా 8. నాలుగు గవ్వలును కలిసి 16 విధములుగా పడగలవు. వానిలో రెండు పడు విధములు 6. అష్ట పడు విధము ఒక్కటే. మీరును కాగితముపై వ్రాసి సరిచూడుడు. గవ్వ రెండు వైపులును సమానము కావు గనుక, ఆడునపుడు ఈ లెక్క కొంత మారవచ్చును. ఎంత మారినదో నూరుమారులు గవ్వలను వేసి పట్టికగా వ్రాసినచో తెలియును. ఇది గణితములో సంభావ్యతకు తొలిమెట్టు.

ఆటవలన చదువు పెరుగుననుట ఉత్తమాట కాదు. అమెరికాలో గీత రమణి, రాబర్ట్ సీగ్లర్ అను పరిశోధకులు బీదకుటుంబముల పసిపిల్లలచే ఒక పటపు ఆట నాడించి, 2008లో ఫలితములను ప్రకటించిరి. కొందరి పటమున 1 మొదలు 10 వరకు అంకెలు వరుసగా నుండెను. కొందరి పటమున రంగులు మాత్రమే యుండెను. రెండు వారములలో నాలుగు పర్యాయములు మాత్రమే ఆడిరి. అంకెలను పైకి చెప్పుచు ఆడిన పిల్లలకు సంఖ్యాజ్ఞానము పెరిగెను. 9 వారముల తరువాతను ఆ మేలు నిలిచియుండెను. రంగుల పటముతో ఆడినవారికి అట్టి మేలు కలుగలేదు.

పటముపై ఆడు ఆటతో లోకఖ్యాతి గడించినవారు మన దాపుననే కలరు. పల్నాడు 2022 వరకు గుంటూరు జిల్లాలోని భాగము. ఆ గుంటూరునకు చెందిన పెండ్యాల హరికృష్ణ చదరంగమున 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో ప్రపంచ జూనియర్ విజేత యయ్యెను. 64 గళ్లపై అతడు చేసినదియు, ఎదుటివాని ఎత్తును ముందుగా ఊహించుటయే.

బాలబాలికలారా! తీరిక దొరికినపుడు ఒక రాతిపలకపై పులిజూదము గీయుడు. పందెము మాత్రము కాయకుడు. ఒక ఆటలో పులులవైపు కూర్చుండినవారు మరుసటి ఆటలో మేకలవైపు కూర్చుండుడు. ఎదుటివాని కష్టము అతని చోట కూర్చుండి చూచినగాని తెలియదు. నాడు గురజాలవారును మాచర్లవారును ఈ ఒక్క విద్య నేర్చియుండినచో, కారెంపూడి నేలపై అంత నెత్తురు ప్రవహించి యుండెడిది కాదేమో!