మిర్చి కలర్ సార్టర్: కెమెరా ఎంత మంచిదైనా గాలి బాగుండాలి

కెమెరా సెన్సార్ల గురించి మనం రోజూ మాట్లాడుకుంటాం. ఈసారి ఫోన్ కెమెరా కాదు, మిర్చి కెమెరా. అమరావతి, గుంటూరు వైపు ఎర్రకాయకు ఒక రేటు, తెల్లబారిన తాలు కాయకు అంతకంటే బాగా తక్కువ. ఈ రెండింటినీ వేరు చేసే మెషీనే కలర్ సార్టర్. కెమెరా రంగు చూస్తుంది, ప్రాసెసర్ తేలుస్తుంది, చిన్న వాల్వ్ కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకుని గాలి ఊది తాలు కాయను పక్కకు నెట్టేస్తుంది. నన్నడిగితే, ఇందులో అసలు చూడాల్సిన స్పెక్ ఆ గాలే.

గాలిలో నీళ్లెక్కడివి?

30 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమ ఉంటే ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. కంప్రెసర్ 7 బార్ గేజ్ ప్రెషర్‌కి నొక్కితే 8 ఘనపు మీటర్ల గాలి ఒక్కటిగా కుదించుకుపోతుంది. అంటే దాదాపు 170 గ్రాముల నీరు. మళ్లీ 30 డిగ్రీలకు చల్లారాక ఆ గాలి పట్టుకోగలిగేది 30 గ్రాములే. మిగతా 140 గ్రాములు నీళ్లుగా దిగుతాయి. ఆ తడి కాయల మీద పడితే బూజుకు దారి.

ఏది ముందు?

ట్యాంకులో నీళ్లు వదిలేయాలి, తర్వాత డ్రయర్, ఆ తర్వాత ఫిల్టర్, చివర్లో రెగ్యులేటర్. ఫిల్టర్ నీటి చుక్కల్ని, దుమ్మును ఆపుతుంది కానీ ఆవిరిని ఆపలేదు. అందుకే డ్రయర్ కావాలి. నూనె తుంపరకు కోలెసింగ్ ఫిల్టర్ వేరే పెట్టాలి. తినే సరుకు కాబట్టి గాలిలో నూనె కలిపే లూబ్రికేటర్ ఇక్కడ వద్దు.

ఫోన్‌కి ఐపీ68 ఎలాగో, గాలికి ఐఎస్ఓ 8573-1 అలాగ. మూడు అంకెలు: దుమ్ము, నీరు, నూనె. అంకె ఎంత తక్కువైతే గాలి అంత శుభ్రం.

ప్రెషర్ సెట్టింగ్

ప్రెషర్ తగ్గితే తాలు కాయ మంచి సరుకులోనే ఉండిపోతుంది. ఎక్కువైతే పక్కనున్న ఎర్రకాయ కూడా ఎగిరిపోతుంది. రెండూ నష్టమే. మెషీన్ నడుస్తూ గాలి పారుతున్నప్పుడే గేజ్ చూసి సెట్ చేయండి. తగ్గించాలంటే కావలసినదానికంటే కిందికి దించి, మెల్లగా పైకి తీసుకురండి. అప్పుడే సెట్టింగ్ నిలకడగా ఉంటుంది.

ఫిల్టర్ గిన్నె విప్పేముందు గాలి పూర్తిగా వదిలేయండి. పాలికార్బొనేట్ గిన్నెను థిన్నర్‌తో కడిగితే పగుళ్లు వస్తాయి, సబ్బు నీళ్లు చాలు. సార్టర్ చూడ్డానికి వెళ్తే మెగాపిక్సెల్స్ అడగండి, కానీ ముందు ఆ గిన్నెలో నీళ్లున్నాయేమో చూడండి.