రాతిమీద పిఠాపురము

క్రిందటి యేడు తొమ్మిదవ తరగతిలో గుప్తరాజుల పాఠము చెప్పుచుండగా, నవఖండ్రవాడనుండి దినదినము సైకిలుమీద వచ్చు నొక బాలిక లేచి, "మాస్టారండీ, పుస్తకంలో అందరి ఊళ్లూ ఉన్నాయి, మా ఊరు లేదేమండీ?" అని యడిగినది. తరగతి యంతయు నవ్వినది. మేమును తగిన యుత్తర మీయజాలక, ముందు పాఠము వినుమని కూర్చుండబెట్టితిమి. అట్లు చేయుట యుపాధ్యాయునకు దగదు. ఆ ప్రశ్న మమ్ము బహుదినములు వెంటాడినది. ఈ వ్యాసము ఆ బాలికకు మేమీయవలసిన బాకీ.

మొదట పిఠాపురము మాట. మన పట్టణమున ఆకాశము నంటు కోటబురుజులు లేవు, రైలు దిగినవాని కెదురుగా నిలిచి తన వయస్సు చెప్పుకొను కట్టడమును లేదు. అందుచేత దీనికి ప్రాచీనత లేదని యనేకులు తలంతురు. కాని దీని పేరు పదునారువందల యేండ్లకు పూర్వమే రాతిమీద చెక్కబడినది. ఆ రాయి యిచ్చట లేదు. ఇచ్చటికి తొమ్మిదివందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాగలో, గంగాయమునల సంగమమున నున్న కోటలో గలదు. అశోకుడు నిలిపిన స్తంభముమీదనే సముద్రగుప్తుని విజయములను హరిషేణుడను నాతని కొలువుకవి వ్రాసెను. దక్షిణాపథమున గుప్తచక్రవర్తి పట్టి, విడిచి, తిరిగి నిలిపిన పండ్రెండుగురు రాజుల పట్టికయందు పిష్టపురరాజును గలడు. పిష్టపురమే నేటి పిఠాపురము.

ఇచ్చట వ్యాకరణము చదువు విద్యార్థులకు మంచి పాఠ మొకటి కలదు. ఆ శాసనమున పిష్టపురము, మహేంద్రగిరి, కొట్టూరు, స్వామిదత్తుడు అను మాట లొకే సమాసముగా గూర్చబడినవి. 'మహేంద్ర' యను చోట విరిచినచో పిష్టపురరాజు మహేంద్రుడగును, 'గిరి' కొట్టూరివైపునకు బోవును. 'మహేంద్రగిరి' యను చోట విరిచినచో రాజు పేరే మారును. పండితు లీ విఱుపునుగూర్చి చాల వాదించిరి. సమాసములు పరీక్షకొఱకే యని విసుగుకొను బాలురు, ఒక విఱుపుచే నొక రాజు పేరు మారుట గమనింతురుగాక.

రెండవ సాక్ష్యము కర్ణాటకదేశమున ఐహోళెయందు మేగుటి యను జైనాలయపు గోడమీద గలదు. శకవర్షము 556, అనగా క్రీ. శ. 634 ప్రాంతమున, రవికీర్తి యను కవి చాళుక్యరాజగు రెండవ పులకేశిని పొగడుచు దానిని రచించెను. పులకేశి పిష్టపురదుర్గమును పట్టుకొనెను. పిష్టమనగా పిండి. కవి యూరి పేరునే పట్టుకొని, పిండిపురమును మా రాజు పిండి చేసెనని చమత్కరించెను. దుర్గమనగా కోట, చొరరానిదియును గదా. అది చొరరానిది కాకపోయెనని మరియొక చమత్కారము. వెనువెంటనే కొల్లేటి నీరు నెత్తురుచే నెఱ్ఱబడినట్లు వర్ణించెను. కవిత్వము సొంపైనదే. అయినను ఆ పిండి యైనవారు మన యూరివారు. ఈ శ్లోకమును చదివినప్పుడెల్ల మాకు మెచ్చుకోలును నొప్పియు నొక్కసారిగా గలుగును. ఈ దండయాత్ర పిమ్మటనే పులకేశి తమ్ముడగు కుబ్జవిష్ణువర్ధనుడు తూర్పు చాళుక్యవంశమును స్థాపించెను. రాజరాజనరేంద్రుని కాలమున నన్నయ భారతము తెనిగించుట ఆ వంశము నీడనే జరిగినది.

చూచితిరా! ప్రసిద్ధములైన యీ రెండు చోట్లను మన యూరి పేరు గెలిచినవారు వ్రాయించినదే. అయితే యూరు తానే పలికిన సందర్భమును లేకపోలేదు. కళింగమునేలిన మాఠరవంశపు శక్తివర్మ పిష్టపురమునందుండి యిచ్చిన దానము రాగి రేకులమీద వ్రాయబడి, శ్రీకాకుళము చెంతనున్న రాగోలులో దొరకినది. పిఠాపురమునుండి వెడలిన యాజ్ఞ అంతదూరము చెల్లెనన్నమాట.

ఇక బాలిక ప్రశ్నకు వత్తము. పట్టణమున కుంతీమాధవస్వామి యాలయము కలదు. దాని యెదుట నిలిచిన శిలాస్తంభముమీద శక 1108, అనగా క్రీ. శ. 1186 నాటి శాసన మొకటి గలదు. అప్పుడు వెలనాటి పృథ్వీశ్వరుడు రాజు. దాన మిచ్చినది రాజు కాదు, ఆతని తల్లి జాయమాంబ. ఆమె కుంతీమాధవునకు సమర్పించిన గ్రామము పేరు ప్రోలునాటిలోని నవఖండవాడ. అమ్మాయీ, అది నీ యూరే! ఇందు పిండి యైన దేదియు లేదు. ఒక తల్లి, ఒక గుడి, ఒక గ్రామము, అంతే. మద్రాసు ప్రభుత్వపు శాసనపరిశోధకుడుగా నుండిన హుల్ష్ యను జర్మను పండితుడు దీనిని చదివి, పందొమ్మిదవ శతాబ్ది చివర నచ్చువేయించెను. మన గుడివాకిటి రాతిని మనకు చదివి చెప్పుటకు జర్మనీనుండి యొకరు రావలసివచ్చెను గదా యని మేము కొంత సిగ్గుపడితిమి.

సంక్రాంతి సెలవులకు ముందు, ఆలయమువారి యనుమతి గొని, తరగతి నచ్చటికి దీసికొనిపోతిమి. ఆ లిపి నేటి మన యక్షరములకు తాతవంటిది. పోలిక యుండును, గుర్తుపట్టుట కష్టము. ముందుగా ప్రతి చేసికొన్న కాగితము చేతనుండినను మాకును రెండు మూడు అక్షరములకన్న నెక్కువ చిక్కలేదు. పిల్లలు దానిని దాచక చూచిరి. మాస్టరునకు రానిది కూడ నున్నదని తెలియుట వారికి మిక్కిలి సంతోషమైనట్లున్నది.

తక్కిన చూడదగిన చోట్లను క్లుప్తముగా చెప్పెదము. పాదగయ యను కోనేటి గట్టున కుక్కుటేశ్వరాలయము, పురుహూతికాదేవి గుడియు గలవు. గయాసురుని శిరస్సు గయయందును పాదము లిచ్చటను బడినవని పురాణకథ. అచ్చటి యేకశిలానంది పెద్దది. పట్టణమునకు సమీపమున కొడవలియందు శాతవాహనరాజగు చండసాతి శాసనము కొండరాతిమీద గలదు. ఇది పైవాని యన్నిటికంటె పాతది. 1893లో తూర్పుతీరపు రైలుమార్గము వచ్చినది. కెనడియన్ బాప్టిస్టు మిషనువారు నెలకొల్పిన యాసుపత్రిలో మన వారి తాత లనేకులు జన్మించిరి.

రావువంశపు జమీందారీ 1948 నాటి చట్టమువలన నంతరించినది. కాని తుది ప్రభువగు సూర్యారావు బహద్దరుగారి పేరు భూములవలన గాక పుస్తకమువలన నిలిచినది. వారి ద్రవ్యముతో కూర్పబడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది, మొత్తము ఎనిమిది సంపుటములు. కాకినాడలోని వారి కళాశాలకు 1904 మొదలు 1919 వఱకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రధానాచార్యులుగా నుండి, బడి గడప త్రొక్కనీయబడని కులముల బాలురను, బాలికలను చేర్చుకొనిరి. మా పూర్వులకు చదువబ్బిన త్రోవలలో నదియు నొకటి గావున ఈ మాట తేలికగా వ్రాయుట లేదు.

నిఘంటువునుగూర్చి మాకొక ఫిర్యాదు గలదు. కావ్యములలోని మాటల కందు పెద్దపీట, నోటిమాటలకు చోటు తక్కువ. పొలమున మన తల్లులు పలుకు మాటలు పెక్కు దానిలో గానరావు. ఈ మాటను గ్రాంథికముననే వ్రాయుచున్నామని మీరు నవ్వవచ్చును. ట్రెయినింగు కళాశాలయందు మా కలవడిన భాష యిది.

కవులకు మన యూరు కొదువ పడలేదు. దేవులపల్లి సోదరకవు లాస్థానమున నుండిరి. వారిలో నొకరి కుమారుడే చంద్రంపాలెమున 1897లో జన్మించిన కృష్ణశాస్త్రి. ఉమర్ ఆలీషా (1885–1945) మహమ్మదీయుడై తెలుగుపద్యము వ్రాసి, కేంద్రశాసనసభలోను గూర్చుండెను. తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని రవీంద్రనాథ ఠాగూరు ముగ్ధుడై శాంతినికేతనమునకు బిలిచెను.

గుడినుండి తిరిగి వచ్చిన మఱునాడు ఆ బాలిక తన నోటుపుస్తకపు అట్టమీద పేరు క్రింద 'నవఖండవాడ, శక 1108' అని వ్రాసికొని వచ్చి చూపినది. "మాస్టారండీ, రాతిమీద ఖండ అని ఉంది, మేము ఖండ్ర అంటాము. ఈ రవత్తు ఎప్పుడొచ్చిందండీ?" అని యడిగినది. ఈసారి కూర్చుండుమనలేదు. వేసవి సెలవులలో ఊరి పెద్దలనడిగి, పాత దస్తావేజులు చూచి, ఏ కాగితమున ఎట్లున్నదో యేడుతో సహా వ్రాసికొని రమ్మని తరగతి కంతకును పని యిచ్చితిమి.