దక్షిణ ఇటలీలోని ముసలి ద్రాక్షతీగలు – మేలురకపు ఎఱ్ఱ ద్రాక్షసారాయము

దిగుబడి తగ్గిన ముసలితోటను ఉంచుకొనవలెనా, పెఱికివేయవలెనా యను ప్రశ్న ప్రతి తోటరైతునకును ఒకనాడు ఎదురగును. ఇటలీదేశపు దక్షిణపు కొననున్న పూలియా రాష్ట్రమునందు, మండూరియా పట్టణప్రాంతపు రైతులకు ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగా నెదురైనది. కొందఱు పెఱికిరి, కొందఱు నిలుపుకొనిరి. పంట వేఱైనను వారి లెక్క మన సంఘసభ్యులకును పనికివచ్చునదే గావున దాని నిచ్చట వివరించుచున్నాము.

1. నేల, తీగ.

అచ్చటి నేల సున్నపురాతిపై పఱచుకొనిన ఎఱ్ఱమన్ను. వేసవియందు వానలు మిగుల తక్కువ. ముఖ్యమైన రకము పేరు ప్రిమిటీవో. త్వరగా పండునది యని ఆ పేరునకు భావము. ఆగష్టు నెలాఖరుననే కోత మొదలగును. అమెరికాలో జిన్‌ఫెండెల్ అని పిలువబడు రకమును ఇదియు ఒక్కటే యని వంశపరీక్షలవలన తేలినది.

హైదరాబాదు ప్రాంతమున అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పందిళ్లపై ప్రాకించుట చదువరు లెఱుగుదురు. మండూరియా పాతతోటలలో పందిరి లేదు. తీగను పొట్టి మోడుగా పెంచి, దానిపై కొలది చేతులను మాత్రమే నిలిపి, ఏటేట చలికాలమున ఒక్కొక్క చేతిమీద ఒకటి రెండు కన్నులు మిగులునట్లు కత్తిరింతురు. దీనిని ‘ఆల్బెరెల్లో’, అనగా చిన్నచెట్టు, అందురు. ఆకులు గుత్తులను ఎండనుండి కాపాడును. ఇట్టి పద్ధతియే సాగుచున్న పాంటెల్లేరియా దీవి సేద్యమును 2014లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

2. ముసలితీగ గుణము.

ఏండ్లు గడచినకొలది తీగ వేళ్లు రాతిసందులలోనికి లోతుగా దిగును. అందుచే ఎండకాలమునను తీగ ఒక్కసారిగా వడలిపోదు. కాపు తగ్గును, ఉన్న కొలది గుత్తులు సమముగా పండును, రసము చిక్కనగును. అయితే తీగ ముసలిదైనంతమాత్రమున సారాయము మేలు కాదు. తెగులు పట్టిన తోటయు, సగము మోడులు చచ్చిన తోటయు పేరునకు పాతవియే. వానివలన లాభము లేదు.

3. పెఱికివేత యేల జరిగెను?

పందొమ్మిదవ శతాబ్దమున వేరుపురుగు ఫ్రాన్సుదేశపు ద్రాక్షతోటలను నాశనము చేసినప్పుడు పూలియా సారాయమునకు గిరాకి పెరిగినది. 1888లో ఇటలీ, ఫ్రాన్సుల నడుమ సుంకముల తగవు వచ్చుటతో ఆ గిరాకి పడిపోయినది. తరువాత చాలకాలము పూలియా సారాయము పీపాలలో ఉత్తరదేశమునకు పోయి, అచ్చటి పలుచని సారాయములకు బలమిచ్చుటకై కలుపబడుచుండెను. ఊరి పేరు సీసామీద లేదు. ధర తూకమునుబట్టియు, తీపినిబట్టియు మాత్రమే వచ్చెడిది.

ముసలితోటలో యంత్రము తిరుగదు, సమస్తమును చేతిపనియే. పైగా, సారాయము మిగిలిపోవుచున్నదని ఐరోపా సమాజమువారు తీగలను పెఱికినవారికి పలుమారు సొమ్ము చెల్లించిరి. 2008 సంస్కరణ ననుసరించి మూడేండ్లపాటు మరల అట్టి యేర్పాటు జరిగెను. తూకమునకే ధర వచ్చునప్పుడు, పెఱికిన రైతును తప్పుపట్టుటకు వీలులేదు.

4. మేలు సారాయము చేయు విధము.

మొదట గుత్తులను చేతితో ఏరి, చిన్న పెట్టెలలో ఉదయపు చల్లదనమున కోయుదురు. ప్రిమిటీవోకు పక్కకొమ్మలమీద రెండవ కాపు కూడ వచ్చును. అది ఆలస్యముగా పండును గనుక మొదటి కాపుతో కలుపరాదు.

పిమ్మట కాడలను తొలగించి, పండ్లను చిదిపి, తొక్కలతోకూడ తొట్టిలో పులియనిత్తురు. రసము దాదాపు తెల్లనిది. ఎఱుపును, వగరును తొక్కనుండియే దిగును. తొక్కలు పైకి తేలి మీగడవలె కట్టును. దినదినమును అడుగు రసమును తోడి వానిమీద పోయవలయును. లేనియెడల పైతొక్కలు ఎండి పులుపెక్కును.

వేడి ముఖ్యశత్రువు. పులియునప్పుడు తొట్టి తనంతట కాగును. వేడి మితిమీరినచో మధువు చచ్చి, తీపి మిగిలిపోయి, సారాయము చెడును. కావున చల్లబఱచు యంత్రములచే 25 నుండి 30 డిగ్రీల లోపుననే నిలుపుదురు. దక్షిణదేశపు సారాయము బాగుపడుటకు ఈ యంత్రములే గొప్ప కారణము. లీటరు రసమునందు సుమారు 17 గ్రాముల చక్కెర పులిసినచో నూటికి ఒకపాలు మద్యసారమగును. పదునాలుగు పాళ్లకు సుమారు 238 గ్రాములు కావలయును. రసమును ముందుగా కొలుచుట యిందులకే.

తొక్కలను పిండి, మడ్డిని తీసి, గాలి తగులకుండ నిండుగా నింపిన ఉక్కుతొట్లలోనో, ఓక్ కొయ్యపీపాలలోనో నిలువచేయుదురు.

5. సంఘము చేయవలసిన పని.

ఊహకు ఒక లెక్క వేయుదము. క్రొత్తతోట ఎకరమునకు 4 టన్నులును, ముసలితోట 2 టన్నులును ఇచ్చె ననుకొనుడు. ముసలితోట పండ్లకు రెట్టింపు ధర వచ్చినను రాబడి సమానమే. చేతికూలి అధికమగుటచే రైతునకు నష్టమే. కావున రెట్టింపునకు మించిన ధర వచ్చిననే ఆ తోట నిలుచును. ఆ ధరను ఒంటరి రైతు తేజాలడు. పండ్లను తరగతులుగా వేఱుపఱచి, వేఱువేఱు తొట్లలో పులియబెట్టి, ఊరిపేరుతో సీసాలకెత్తి అమ్ము సంఘము తేగలదు. ‘ప్రిమిటీవో ది మండూరియా’ అను పేరునకు 1974లో చట్టరక్షణ లభించినది. హెక్టారునకు 9 టన్నులకు మించి కాపు తీయరాదను నియమము దానితో ముడివడియున్నది.

పేరు నిలుచుట నమ్మకముమీదనే. 1986లో ఇటలీయందు కొందఱు సారాయమున మెథనాలు అను విషమును కలుపగా ఇరువదిమందికి పైగా మరణించిరి. నిర్దోషులైన రైతుల సరకును కొనువారు లేకపోయిరి.

జ్ఞాపకముంచుకొనవలసినవి:

(1) తోటను పెఱుకుటకు ముందు బ్రదికియున్న మోడులను లెక్కించి, కాపు గుణమును పరీక్షింపుడు.

(2) మంచిసరకును నాసిసరకుతో ఒకే కుప్పలో పోయకుడు.

(3) తూకమునకే ధర కట్టు సంఘము తూకమునే పండించుకొనును. గుణమునకు ధర కట్టు సంఘము గుణమును పండించుకొనును. ఈ నియమమును సభ్యులు సర్వసభ్యసమావేశమునందు తామే చేసికొనవలయును.