గాలపు గడకు వెదురును ఎన్నుకొనుట

వర్షాకాలము వెళ్లి, చెరువులు నిండి, నీరు తేటపడిన తరువాత గట్టుమీద కూర్చుండి గాలము వేయుట మన పల్లెలలో పరిపాటి. గాలపు ముల్లును, నైలాను దారమును, సీసపు గుండును అంగడిలో బేరమాడి, పరీక్షించి కొందుము. గడ విషయమున మాత్రము ఆ శ్రద్ధ చూపము. దొడ్డిలోని వెదురు పొదనుండి చేతికందినదానిని నరికి, రెమ్మలు దూసి, ఆ సాయంకాలమే నీటి మీదికి చాపుదుము. పరకలు, జెల్లలు పడునంతవరకు ఆ గడ పనిచేసినట్లే కనిపించును. కొరమేను పడిననాడు దాని బలహీనత బయటపడును. గడ కణుపువద్ద పుటుక్కున విరుగును. చేప ముల్లుతోను, దారముతోను సహా నాచులోనికి పోవును.

పోయినది ఒక్క చేపయే అయినచో అంత విచారింపనక్కరలేదు. అట్లు నరికిన గడ సాధారణముగా లేతది. మరుసటి సంవత్సరపు కొమ్ములను పోషింపవలసినది ఆ లేతగడయే. ఏటేట ఇట్లు చేసిన పొద మూడు నాలుగు సంవత్సరములలో పలుచబడి, సన్నని పుల్లలనే ఇచ్చు స్థితికి వచ్చును.

కావున రైతు సోదరులు ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. గాలపు గడ మంచిచెడ్డలు పొదలోనే నిర్ణయమగును. లేతగడను ఎంత ఆరబెట్టినను, ఎన్ని పూతలు వార్నీషు పూసినను అది ముదురుగడ కానేరదు.

వెదురు పెరుగు విధము

వెదురు చెట్టువలె ఏటేట లావెక్కదు. వానలలో దుంపనుండి వెలువడు కొమ్ము తనకు రావలసిన లావుతోనే భూమిపైకి వచ్చును. రెండు మొదలు నాలుగు మాసములలో పూర్తి ఎత్తునకు పెరుగును. ఆ తరువాత ఎత్తుగాని లావుగాని పెరగదు. కాని లోపలి పీచు గట్టిపడుటకు సుమారు మూడు సంవత్సరములు పట్టును. అందువలన ఆరునెలల గడయు, నాలుగేండ్ల గడయు చూపునకు ఒకే లావున ఉండవచ్చును. వాటి బలము మాత్రము ఒకటి కాదు. కంటికి నదరుగా, పచ్చగా, నున్నగా కనిపించునదే చాలవరకు పనికిరానిది.

ఏ జాతి మంచిది?

మన అడవులలోను, పొలముల గట్లమీదను ముఖ్యముగా రెండు జాతులు కలవు. ముళ్ళవెదురు లావుగా పెరుగును. దాని లోపల బోలు ఎక్కువ. నిచ్చెనలకు, పందిళ్ళకు అది తగినది. గాలపు గడకు తగినది సాధనపు వెదురు. ఇది సన్నగా, దళసరి గోడతో, చాలచోట్ల బోలు లేకుండ పెరుగును. లాఠీలకు, బల్లెపు కర్రలకు దీనిని వాడుట అందువలననే.

సాధనపు వెదురులో కూడ నేలనుబట్టి భేదము కలదు. తడిగల సారవంతమైన భూమిలో పెరిగిన గడకు బోలు ఏర్పడును. రాతినేలలో, మెట్టలో, నీరు తక్కువగానున్నచోట పెరిగిన గడ సన్నగా, కణుపులు దగ్గరగా, లోపల నిండుగా ఉండును. కాలువ ప్రక్కన ఏపుగా పెరిగిన పొదకంటె గుట్టవాలున గిడసబారినట్లు కనిపించు పొదయే మనకు మేలు.

వయస్సు గుర్తించుట

మూడు, నాలుగు సంవత్సరముల గడను కోయవలెను. గుర్తులు ఇవి:

1. మొదటి సంవత్సరపు గడపై గోధుమరంగు తొడుగులు ఇంకను అంటుకొని యుండును. చర్మముపై తెల్లని బూడిదవంటి పొడి కనిపించును. దీనిని ముట్టరాదు.

2. రెండవ సంవత్సరమున తొడుగులు రాలిపోవును. గడ ముదురు పచ్చగా నుండును. దీనిని కూడ విడువవలెను.

3. మూడవ సంవత్సరమునుండి పచ్చదనము మాసి, పసుపు ఛాయ తిరుగును. చర్మముపై నాచుమచ్చలు అక్కడక్కడ కనిపించును. కత్తి వెనుకవైపుతో కొట్టిన ఖంగుమను ధ్వని వచ్చును. లేతగడ బొద్దుగా మ్రోగును.

4. మిక్కిలి ముదిరి, పాలిపోయి, గోకిన పొడి రాలు గడ పెళుసుగా నుండును. పూతకు వచ్చిన పొదలోని గడలను కూడ తీసికొనరాదు. సాధనపు వెదురు పలు దశాబ్దములకొకసారి మూకుమ్మడిగా పూచి, ఆ తరువాత చనిపోవును.

ఈ గుర్తులలో పొరపడుటకు అవకాశము కలదు. స్వంత పొద గలవారికి ఇంతకంటె సులభమైన మార్గమొకటి కలదు. ప్రతి సంవత్సరము వానలు వెళ్ళిన తరువాత ఆ ఏటి కొత్తగడలన్నిటిపై ఒక రంగుబొట్టు పెట్టుడు. ఒక ఏడు ఎరుపు, మరుసటి ఏడు తెలుపు, ఆపై నీలము. నాలుగవ ఏట మీరు ఎవరిని అడుగనక్కరలేదు. రంగే వయస్సు చెప్పును.

కోత

వానకాలమున కోయరాదు. అప్పుడు దుంపలు కొత్త కొమ్ములను వేయుచుండును. మన కాలితొక్కిడికే అవి విరుగును. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు కోతకు అనుకూలము. నేలనుండి అరడుగు మొదలు అడుగున్నర ఎత్తులో, కణుపునకు సరిగా పైన, పదునైన కత్తితో ఏటవాలుగా నరుకవలెను. కణుపునకు దూరముగా నరికినచో మోడులో నీరు నిలిచి దుంప క్రుళ్ళును.

ముదురుగడలు పొద నడుమను, లేతవి వెలుపలను ఉండుట సహజము. చేతికందుటలేదని వెలుపలి లేతగడలను నరుకుటయే పొద చెడిపోవుటకు ముఖ్యకారణము. ఒకవైపున దారి చేసికొని లోపలికి ప్రవేశించి ముదురువానిని తీయవలెను. వానిలో కూడ కొన్నింటిని కొత్తగడలకు ఊతగా విడువవలెను.

లావు, పొడవు

గడ ఎంత వంగునో తెలిసికొనుటకు చిన్న లెక్క ఉపయోగపడును. ఒకే రకపు నిండుగడలలో లావు ఐదవవంతు పెరిగినచో బిగువు ఇంచుమించు రెట్టింపగును. లావు రెట్టింపైనచో బిగువు పదునారు రెట్లగును. ఇక పొడవు సంగతి: లావు సమానముగానున్న 10 అడుగుల గడకు బదులు 12½ అడుగుల గడను వాడినచో అదే బరువునకు వంపు ఇంచుమించు రెట్టింపగును. కావున పొడవునకు ఆశపడి సన్నని గడను తీసికొనుట పొరపాటు.

పరకలకు, జెల్లలకు మొదట బొటనవ్రేలి లావుగల 8, 10 అడుగుల గడ చాలును. కొరమేనునకు మొదట అంగుళము లావున, 10 మొదలు 12 అడుగుల గడ కావలెను. మొదటినుండి కొనవరకు లావు క్రమముగా తగ్గవలెను. ఒకచోట హఠాత్తుగా సన్నబడిన గడ అక్కడనే విరుగును. కొన సహజమైనదై యుండవలెను. చెక్కి సన్నబరచినది పనికిరాదు. వెదురు పీచు బయటి చర్మముదగ్గర మిక్కిలి దట్టముగా నుండును. వంచునపుడు ఎక్కువ ఒత్తిడి పడునది కూడ ఆ చర్మము మీదనే. దానిని చెక్కివేయుట అనగా బలమునంతయు చెక్కివేయుటయే. ఉబ్బిన కణుపులను కూడ అరగదీయరాదు. రెమ్మల మొదళ్ళను మాత్రము చర్మము చీలకుండ కోసి, గరుకుకాగితముతో నున్నచేయవలెను.

ఆరబెట్టుట

గడలోని పిండిపదార్థమును తినుటకు సన్నని పురుగు చేరి, లోపల తొలిచి పొడి చేయును. కోసిన గడలను రెండు మొదలు నాలుగు వారములు పారునీటిలో మునుగునట్లు ఉంచినచో ఆ పదార్థము చాలభాగము కరగిపోవును. తరువాత నీడను, గాలి తగులుచోట ఆరబెట్టవలెను. ఎండలో పెట్టిన పగుళ్ళు పుట్టును. గోడకు చేరవేసినచో వంకర తిరుగును. కొనకు దారము కట్టి, మొదట ఒక రాయి వ్రేలాడదీసి, దూలమునుండి నిలువుగా తగిలించుట మంచి పద్ధతి. వారమునకొకసారి తూచుచుండవలెను. రెండు వారములు వరుసగా బరువు తగ్గనిచో గడ ఆరినదని భావింపవచ్చును. ఇందుకు రెండు మూడు నెలలు పట్టును. తొందర పనికిరాదు.

వంకర తీయుట

బొగ్గుల నిప్పు సెగపై వంకరయున్న చోటును త్రిప్పుచు వేడిచేసి, చేతికి లొంగినప్పుడు వంచి, తడిగుడ్డతో చల్లార్చువరకు పట్టుకొనవలెను. చర్మము మాడరాదు. మాడిన మచ్చవద్ద పీచు చచ్చును.

ఇందుకు చరిత్రలో ఒక ఉదాహరణ కలదు. 19వ శతాబ్దమున అమెరికా, ఇంగ్లండు దేశములలో వెదురును బద్దలుగా చీల్చి, ఆరుపలకల గడలుగా అతికి అమ్మెడివారు. వానికి వాడినది కలకత్తా రేవునుండి ఎగుమతియైన వెదురు. మన సాధనపు వెదురే అది. ఆ గడలపై కాల్చిన మచ్చలు ఉండెడివి. మచ్చలేని బద్దలు ఏరుకొనుట పనివారికి కష్టమయ్యెను. 20వ శతాబ్దారంభమున దక్షిణ చైనానుండి టాంకిన్ వెదురు వచ్చెను. అది నిటారుగా, మచ్చలు లేకుండ, కణుపులు అంతగా ఉబ్బక ఉండుటచే మన వెదురును ఆ బజారునుండి తొలగించెను. ఒక మాడినమచ్చ విలువ ఎంతయో దీనివలన తెలియగలదు.

పరీక్ష

ఆరిన గడను కంటివద్ద పట్టి కొనవరకు చూడుడు. తరువాత మొదటి అడుగు భాగమును బల్లకు గట్టిగా బిగించి, కొన నిలిచిన ఎత్తును గోడపై గుర్తించి, కొనకు చిన్న రాతిని వ్రేలాడదీయుడు. పది నిమిషములు గడచిన తరువాత తీసివేయుడు. కొన తిరిగి గుర్తునకు చేరినచో గడ మంచిది. క్రిందనే నిలిచిపోయినచో అది లేతది గాని, ఆరనిది గాని అయియుండును. నాలుగు గడలను ఒకే రాతితో పరీక్షించి పోల్చినచో ఏది బిగువో, ఏది మెత్తనో తేటపడును.

గడను కొద్దిగా వంచి చేతిలో దొర్లించినచో ఒకవైపున బిగువుగాను, మరియొకవైపున సులువుగాను తిరుగుట తెలియును. సులువుగా వంగు దిశను సుద్దతో గుర్తించి, ఉంగరములను ఆ వరుసనే కట్టవలెను. అప్పుడు చేప లాగినపుడు గడ చేతిలో మెలితిరుగదు.

ఉంగరములు లేని సాదా గడకైనచో దారమును కొనకు మాత్రమే కట్టరాదు. మొదట పిడివద్ద ముడివేసి, గడ పొడవున చుట్టుకొని పోయి, కొనవద్ద మరల కట్టవలెను. కొన విరిగినను చేప మీ చేతిలోనే యుండును. రెండు ముక్కల గడ కావలెనన్నచో అతుకువద్ద ఇత్తడి పొన్ను వేయించవలెను. చివరకు అవిసెనూనెగాని, వార్నీషుగాని పలుచగా రెండు పూతలు పూయుడు.

అంగడి గడలు

పిడి, ఉంగరములు అమర్చని ఒట్టి గడను అంగడిలో బ్లాంకు అందురు. గాజుపీచు బ్లాంకు బరువైనది, కాని మొరటు వాడకమునకు ఆగును. 1970వ దశకమునుండి వాడుకలోనికి వచ్చిన కార్బను బ్లాంకు మిక్కిలి తేలిక, మిక్కిలి బిగువు. రాతికి తగిలి గంటుపడినచో అచ్చటనే విరుగును. కొనునపుడు మెత్తని గుడ్డను పొడవునా తుడిచి చూడుడు. పగులున్నచోట గుడ్డ పట్టును. పైన చెప్పిన చూపు, వంపు, దొర్లింపు పరీక్షలు వీనికి కూడ వర్తించును. గట్టున కూర్చుండి పట్టు చిన్నచేపలకు ఇంత ఖర్చు అవసరము లేదు.

ముఖ్యమైన హెచ్చరిక

చెరువుగట్ల మీదుగాను, కాలువల మీదుగాను విద్యుత్తు తీగలు పోవుచుండును. కార్బను గడలో విద్యుత్తు ప్రవహించును. తడిసిన వెదురు కూడ నమ్మదగినది కాదు. తీగల క్రింద గాలము విసరుట, గడ నిలువుగా పట్టుకొని నడచుట ప్రాణాపాయము. ఉరుములు మెరుపులు ఉన్నపుడు గడను క్రిందపెట్టి, గట్టు విడిచి వెళ్ళవలెను. పిల్లలకు ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలెను.

గ్రామాధికారులకు

1927 నాటి భారత అటవీచట్టములో వెదురు చెట్టుగా లెక్కింపబడియుండెను. 2017లో జరిగిన సవరణచే ఆ నిర్వచనమునుండి వెదురు తొలగింపబడినది. అటవీభూమి కానిచోట రైతులు వెదురు పెంచుటకు ప్రోత్సాహమిచ్చుటయే దీని ఉద్దేశము. రవాణాను గురించిన రాష్ట్రపు నియమములను అటవీ సిబ్బందివద్ద తెలిసికొని రైతులకు చెప్పవలెను. రిజర్వు అడవిలో అనుమతి లేనిదే కత్తి పెట్టరాదు. చెరువు మత్స్యకారుల సహకార సంఘమునకు ఇయ్యబడియున్నచో గాలము వేయుటకు కూడ వారి సమ్మతి పొందుట న్యాయము.

చేయవలసినవి

వానలు వెళ్ళగానే మీ పొదలోని కొత్తగడలకు రంగుబొట్టు పెట్టుడు. చలికాలమున మూడు నాలుగేండ్ల గడలను మాత్రమే కోయుడు. నీట నానబెట్టి, నీడను ఆరబెట్టి, రాతితో పరీక్షింపుడు. ఈ సంవత్సరము ఒక గడకు బదులు నాలుగు గడలు సిద్ధము చేసినచో ఒకటి మీకు మిగులును. తక్కినవి గాలము వేయు ఇరుగుపొరుగువారికి నాలుగు రూకలకు అమ్మవచ్చును. పొదయు చెడదు.