బొమ్మల కథలు రాయబోతున్న మేనకోడలికి

చి. అమ్మడికి,

ఉద్యోగం పక్కన పెట్టి కామిక్స్ రాయడమే వృత్తిగా పెట్టుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆవిడకు బెంగ, నాకు సంతోషం. పాఠకులతో, అభిమానులతో ఎలా మసలుకోవాలో మావయ్యను అడగమన్నావట. ఆ సంగతి పని దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

కామిక్ రచయిత రాసిన స్క్రిప్టును పాఠకుడు చూడనే చూడడు. దాన్ని మొదట చదివేది ఆర్టిస్టు. "అతను తలుపు తీసి, లోపలికి తొంగి చూసి, కెవ్వున అరిచి వెనక్కి పరిగెత్తాడు" అని కథలో ఒక్క వాక్యంలో రాసేయొచ్చు. ప్యానెల్‌లో అది కుదరదు. ఒక బొమ్మలో మనిషి ఒక్క పనే చేయగలడు. ఆ వాక్యానికి మూడు నాలుగు ప్యానెల్స్ పడతాయి. లేదంటే గడియ మీద చెయ్యి ఒక బొమ్మ, అరుస్తున్న ముఖం ఒక బొమ్మ వేయించి, మధ్యలో జరిగింది చదివేవాళ్ల ఊహకు వదిలేయాలి. నెలనెలా వచ్చే అమెరికన్ కామిక్‌లో కథకు దొరికేది సుమారు 20-22 పేజీలు, పేజీకి ఐదారు ప్యానెల్స్. ప్యానెల్‌కు 35 మాటలు మించకూడదని మోర్ట్ వైజింగర్ అనే పాత ఎడిటర్ పెట్టిన లెక్కను అలన్ మూర్ అంతటివాడు పట్టించుకున్నాడు. మన తెలుగు మాటలు పొడుగు. అందులో సగానికే బెలూన్ నిండిపోయి బొమ్మను కప్పేస్తుంది. కాబట్టి నువ్వు ఇంకా పొదుపుగా రాయాలి.

స్క్రిప్టు రాయడంలో బిల్ ఫింగర్ పద్ధతి నేర్చుకోదగ్గది. ఒక పాత వంతెన మీద పోరాటం రాస్తే, అలాంటి వంతెన ఫోటో ఏ పత్రికలోనో వెతికి, కత్తిరించి స్క్రిప్టుకు జతచేసి పంపేవాడు. ఆర్టిస్టు తడుముకోకూడదని ఆయన తాపత్రయం. ఒక కామిక్ పత్రిక 1939 మే నెల సంచికలో వచ్చిన బ్యాట్‌మ్యాన్ మొదటి కథ రాసింది ఆయనే. గబ్బిలం రెక్కల్లాంటి ఆ అంగీ, ముఖాన్ని కప్పే ముసుగు, బ్రూస్ వేన్ అన్న పేరు, గోథమ్ అన్న ఊరి పేరు ఆయన ఆలోచనలే. కానీ ఆ పత్రిక వేసే కంపెనీతో ఒప్పందం రాసుకున్నది బాబ్ కేన్ ఒక్కడే. అందుకని దశాబ్దాల తరబడి ప్రతి కథ మీదా కేన్ పేరే పడింది.

అభిమానులు ఇక్కడే వచ్చారు. 1965లో న్యూయార్క్‌లో కామిక్స్ అభిమానుల సమావేశం జరిగితే ఫింగర్ వెళ్లాడు. జెర్రీ బెయిల్స్ అనే కాలేజీ ప్రొఫెసర్, ఫ్యాన్ పత్రికలు నడిపే మనిషి, ఆయన్ను కూర్చోబెట్టి అడిగాడు. విన్నదంతా వ్యాసంగా రాసి తోటి అభిమానులకు పంచాడు. కేన్ మండిపడి, అదంతా అబద్ధమంటూ ఉత్తరం రాశాడు. ఫింగర్ 1974లో పోయాడు. తర్వాత ఎన్నో ఏళ్లకు అదే కేన్ తన ఆత్మకథలో ఫింగర్ పాత్రను ఒప్పుకున్నాడు. ఫింగర్ మనవరాలు, ఆయన జీవితాన్ని తవ్వి తీసిన ఒక రచయిత పట్టు వదలకపోవడంతో 2015లో గానీ కంపెనీ అధికారికంగా ఆ పేరు చేర్చలేదు. బెయిల్స్ ఆ రోజు అడగకపోయి ఉంటే తర్వాతివాళ్లకు పట్టుకోవడానికి కొస దొరికేది కాదు.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. నువ్వు మీ తాతగారి బైండు పుస్తకాల్లో చదివిన 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'భల్లూకమాంత్రికుడు' అన్నీ దాసరి సుబ్రహ్మణ్యంగారు రాసినవి. 1954 నుంచి చందమామలో వచ్చిన ఆ సీరియల్స్‌కు 'చిత్ర' అనే ఆర్టిస్టుగారి బొమ్మలు పిల్లల కళ్లలో అచ్చుపడిపోయాయి. రచయిత పేరు మాత్రం ఉండేది కాదు. చందమామ ఆఫీసులోనే అర్ధ శతాబ్దం పనిచేసిన మనిషి ఆయన. చదివి పెద్దవాళ్లయిన పిల్లలే కూపీ లాగి, ఇలాంటి పన్నెండు సీరియల్స్ ఆయనవని ఊరంతా చాటారు. 2010 జనవరిలో ఆయన పోయారు. అభిమానులు పూనుకుని ఆయన రచనలను పుస్తకాలుగా తెచ్చారు. ఆ ప్రేమకు చేతులెత్తి మొక్కాలి. అయితే దాని కోసం ఒక రచయిత జీవితకాలం ఎదురుచూడాల్సి రావడం అన్యాయం. పేరు ఎక్కడ పడుతుందో మొదటి రోజే కాగితం మీద రాయించుకోవాలి.

డబ్బు సంగతీ అంతే. క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షూస్టర్ 1938లో సూపర్‌మ్యాన్ హక్కులు మొత్తం 130 డాలర్లకు రాసిచ్చేశారు. 13 పేజీలు, పేజీకి 10 డాలర్లు. పాత్రకు విడిగా విలువ కట్టలేదు, పేజీలకే కట్టారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, ముసలితనం మీద పడ్డాక, 1975లో వాళ్ల గోడు పత్రికలకెక్కితే అప్పుడు ఏడాదికి తలా 20,000 డాలర్ల భృతి, కథ మీద పేర్లు వచ్చాయి. పేజీ రేటు మంచిదే, ఇల్లు గడవడానికి కావాలి. కానీ పాత్ర ఎవరిది, రేపు సినిమా తీస్తే నీ వాటా ఎంత, అనువాదం వేస్తే ఎంత అన్నవి పేజీ రేటులో కలిసిపోకూడదు.

ఇక తప్పులు పట్టే పాఠకులు. వాళ్లను చూసి భయపడకు. స్టాన్ లీ అనే కామిక్ రచయిత ఒకేసారి ఎన్నో పత్రికలకు రాసేవాడు. పాత్రల పేర్లు గుర్తుండడానికి పీటర్ పార్కర్, బ్రూస్ బ్యానర్ అని రెండు ముక్కలూ ఒకే అక్షరంతో మొదలయ్యేలా పెట్టుకునేవాడు. అయినా 1964లో ఒక 'ఫెంటాస్టిక్ ఫోర్' సంచికలో బ్రూస్ కాస్తా బాబ్ బ్యానర్ అయిపోయాడు. పాఠకులు వెంటనే పట్టేశారు. లీ దాచలేదు, దబాయించలేదు. ఉత్తరాల పేజీలోనే ఆ సంగతి ఎత్తి, అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అనుకుందామని తేల్చాడు. ఇప్పటికీ ఆ పాత్ర పేరు అదే. కథలో పొరపాటు పట్టుకుని, అది ఎందుకు పొరపాటు కాదో కూడా చెప్పిన తెలివైన పాఠకులకు 'నో ప్రైజ్' అని బహుమతి పెట్టారు. 1967 నుంచి ఇంటికి కవరు పంపేవాళ్లు. పైన అభినందనలు ఉండేవి, లోపల ఏమీ ఉండేది కాదు. కొందరు బహుమతి దారిలో పడిపోయిందని మళ్లీ ఉత్తరం రాశారట! ఖాళీ కవరును జీవితాంతం దాచుకున్నవాళ్లున్నారు. తమ ఉత్తరం ఎవరో చదివారన్న భరోసాయే వాళ్లకు కావలసింది.

చదివారన్న భరోసా ఇవ్వడం వేరు, కలం చేతికివ్వడం వేరు. 1988లో బ్యాట్‌మ్యాన్ శిష్యుడు రాబిన్‌ను, అంటే జేసన్ టాడ్ అనే కుర్రాణ్ని, ఉంచాలా చంపాలా అని ఫోన్ ఓటింగ్ పెట్టారు. కాల్‌కు 50 సెంట్లు. కథ జిమ్ స్టార్లిన్‌ది, ఎడిటర్ డెనిస్ ఓనీల్. ఆర్టిస్టు జిమ్ అపారో రెండు రకాల ముగింపులూ గీసి పెట్టాల్సి వచ్చింది. చంపమన్నవి 5,343, బతికించమన్నవి 5,271. తేడా 72 మాత్రమే. కుర్రాడు చచ్చిపోయాడు, కంపెనీ మీద బయట దుమారం రేగింది. 2005లో జడ్ వినిక్ అనే రచయిత జేసన్‌ను తిరిగి తీసుకొచ్చాడు, ఓట్లు అడక్కుండా, తన కథకు కావాలనుకుని. ఆ ఓటింగ్ నాకు ఏనాడూ నచ్చలేదు. ఒక పాత్ర చావుకు కథలో కారణం ఉండాలి, లెక్కలో కాదు. ఓటు వేసినవాళ్లను తప్పుపట్టను. ఆ బరువు వాళ్ల నెత్తిన పెట్టడమే తప్పు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. అమర్ చిత్ర కథ మొదలుపెట్టిన అనంత్ పై 1980లో 'టింకిల్' తెచ్చారు. పిల్లలకు ఆయన 'అంకుల్ పై'. వాళ్లు ఉత్తరాలతోపాటు ఊళ్లో విన్న కథలూ పంపేవాళ్లు. తిరుచ్చి పాఠకుడొకరు తెలివితక్కువ పనివాడి కథలు పంపితే, 1983లో రామ్ వాయీర్కర్ బొమ్మలతో సుప్పండి పుట్టాడు. అక్కడ పాఠకుడు కథకు ముడిసరుకు ఇచ్చాడు. దాన్ని ప్యానెల్స్‌గా విరిచి, నవ్వు ఎక్కడ రావాలో చూసుకుంది ఎడిటరూ ఆర్టిస్టూ. ఎవరి పని వాళ్లు చేశారు, అందుకే సుప్పండి ఇంకా నవ్విస్తున్నాడు.

నువ్వూ అభిమానిగానే ఈ గడప తొక్కుతున్నావు. అది తక్కువేమీ కాదు. పిట్స్‌బర్గ్ కుర్రాడు జిమ్ షూటర్, ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంటే, కామిక్స్ ముందు పెట్టుకుని ఏది ఎందుకు బాగుందో ఏది ఎందుకు బాగాలేదో విడదీసి చూసుకున్నాడు. పేజీలు తనే రేఖామాత్రంగా గీసి పంపాడు. 1966లో అతని మొదటి కథ అచ్చయ్యేనాటికి 14 ఏళ్లు. నచ్చిన కథను పదిసార్లు మెచ్చుకోవడం కన్నా ఒకసారి విప్పి చూడడం లాభమని అతనికి అంత చిన్న వయసులోనే తెలిసింది. నీకిష్టమైన ఎనిమిది పేజీల కథ ఒకటి తీసుకుని, బొమ్మలు చూస్తూ దాని స్క్రిప్టు ఎలా ఉండి ఉంటుందో వెనక్కి రాసి చూడు.

పాఠకుల ఉత్తరాలకు రోజులో ఒక వేళ పెట్టుకో. పొద్దుటిపూట వద్దు, అది స్క్రిప్టుకు. పిల్లలు రాస్తే ముందు వాళ్లకు జవాబివ్వు. తిట్టినవాళ్లలో కథ గురించి మాట్లాడినవాళ్లను చదువు, నీ గురించి మాట్లాడినవాళ్లను వదిలేయ్. తర్వాత ఏం జరుగుతుందో చెప్పమని ఎంత బతిమాలినా చెప్పకు. ఆర్టిస్టును పొగిడితే ఆ ఉత్తరం ఆర్టిస్టుకు పంపు.

ఆ హైదరాబాద్ పబ్లిషరు పంపిన ఒప్పందం ఇంకా సంతకం కాలేదని మీ అమ్మ అంది. తొందరపడకు. ఒక కాపీ నాకు పోస్టు చెయ్యి. హక్కుల గురించి ఉన్న పేరా కింద పెన్సిల్‌తో గీత గీసి పంపు, మనకు తెలిసిన లాయరుగారికి చూపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య