రోజూ స్టేషన్ దాకా తిరిగే కారుకు ఏ ఆయిల్?

ప్రశ్న: మాది కోలారు జిల్లా కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట. పాత పెట్రోల్ కారుంది, టర్బో లేదు. రోజూ బంగారుపేట స్టేషన్ దాకా వెళ్లి బెంగళూరు రైలెక్కుతాను. మెకానిక్ సింథటిక్ ఆయిల్ పొయ్యమంటున్నాడు. ఖర్చు ఎక్కువ. అవసరమా?

జవాబు: ముందు కారు మాన్యువల్‌లో గ్రేడ్ చూడండి. 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే పొయ్యాలి. సింథటికే కావాలని అందులో రాసి లేకపోతే మీ కారుకు మినరల్ ఆయిల్ సరిపోతుంది. సింథటిక్ వేడికి బాగా తట్టుకుంటుంది, గడ్డకట్టే చలిలోనూ పారుతుంది. కోలారులో అంత చలి ఎక్కడిది?

అయితే మీది దగ్గరి ప్రయాణం. ఆయిల్ పూర్తిగా వేడెక్కక ముందే బండి ఆపేస్తే తేమ, పెట్రోలు అందులోనే మిగిలిపోతాయి. అందుకే కిలోమీటర్లు నిండకపోయినా ఆరు నెలలకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

నాకు ఇంకా పెద్ద దిగులు మీ ఊరి సైనైడ్ దిబ్బల గురించి. బంగారం తీశాక మిగిలిన ఆ రాతిపిండి గాలికి లేస్తుంది. అది ఇంజన్‌లోకి పోతే ఎంత ఖరీదైన ఆయిలైనా అరుగుదలను ఆపలేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజన్ వైపు గొట్టం లోపల వేలితో రాసి చూడండి. గరగరలాడిందా, ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట. సింథటిక్‌కు పెట్టే డబ్బుతో ముందు మంచి ఎయిర్ ఫిల్టర్ కొనండి.